ఎర్రగుంట్ల తలుపుకు మేపుల్ ఆకులు

అక్టోబరులో ఎర్రగుంట్లలో ఏం రాలుతుంది? పాత మిద్దెల పైకప్పుల నుంచి పెచ్చులు రాలతాయి. వానకు నానిన గోడల సున్నం రాలుతుంది. దసరా సెలవులకు ఇంటికొచ్చిన పిల్లల చేతుల్లోంచి ఫోన్లు రాలతాయి. చెట్ల ఆకులు మాత్రం రాలవు. వేపచెట్టు నిగనిగలాడుతుంటుంది, కానుగ నీడ చిక్కగానే ఉంటుంది. కంపచెట్టు గురించి చెప్పనక్కర్లేదు, ప్రళయమొచ్చినా అది ఆకు వదలదు. ఇలాంటి ఊళ్ళోకి ఈ మధ్య ఒక కొత్త విద్య వచ్చింది. తక్కువ ఖర్చుతో, ఇంట్లోనే, అరగంటలో, వీధి తలుపుకు ఆటమ్ రీత్ చేసుకోవడం.

తెలియని అదృష్టవంతుల కోసం చెబుతాను. జల్లెడంత గుండ్రటి చట్రం తీసుకుంటారు. దానికి నారింజ రంగు, ఇటుక రంగు గుడ్డాకులు అతికిస్తారు. నడుమ నడుమ గోలీల్లాంటి స్పాంజి గుమ్మడికాయలు, నాలుగు పైన్ కాయలు. కింద గోనెపట్టాతో ఒక ముడి. అయిపోయింది. అమెరికాలో చెట్లన్నీ ఎర్రబడి ఆకులు వదిలే కాలంలో అక్కడివాళ్ళు తలుపులకు తగిలించుకునే అలంకారం ఇది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉన్న మనవాళ్ళ పిల్లలు తగిలించి ఫోటో పంపుతారు. ఆ ఫోటో చూసి ఎర్రగుంట్లలో అత్తగారు గ్లూ గన్ కొంటుంది.

పైగా దీనికి రెండు బిరుదులు తగిలించారు. ఒకటి, ఇది చాలా చవక. రెండు, ఇది సీజన్‌కు తగింది. ముందు సీజన్ సంగతి చూద్దాం.

బోస్టన్‌లో నడి వేసవి పగటికీ నడి శీతాకాలం పగటికీ ఆరు గంటల తేడా ఉంటుంది. పగలు తగ్గుతూ, రాత్రుళ్ళు చల్లబడుతూ వచ్చేసరికి మేపుల్ చెట్టు ఆకులోని పచ్చదనం విరిగిపోతుంది, కింద దాగిన పసుపు బయటపడుతుంది, కొత్తగా ఎరుపు పుడుతుంది, ఆఖరికి ఆకు రాలుతుంది. ఆ చెట్టుకు అది బతుకుదెరువు. మన ఎర్రగుంట్లలో ఆ పగటి తేడా రెండు గంటలైనా ఉండదు. ఇక్కడి వేపచెట్టుకు అక్టోబరులో ఆకు వదలాల్సిన అవసరమేముంది? మన లెక్కలో శరత్తు అంటే ఆశ్వయుజం, కార్తీకం. ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. ఫిబ్రవరి, మార్చిల్లో వేపచెట్టు కింద పసుపుపచ్చ ఆకులు దుప్పటి పరిచినట్టు పడుంటాయి. ఆకురాలు కాలపు అలంకారం మీద నిజంగా మోజుంటే అప్పుడు చేయాలి. సరుకు ఉచితం, ఊడ్చే ఆమె కూడా దండం పెడుతుంది. ఒక్కరూ చేయరు. ఎందుకంటే ఫిబ్రవరిలో ఫ్రిస్కో నుంచి ఫోటో రాదు.

అక్టోబరులో మన చుట్టుపక్కల అసలు పని వేరే ఉంటుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నల్లరేగడి చేలల్లో రైతు పదును చూసుకొని శనగ విత్తనం వేసే రోజులవి. ఆకాశం వైపు ఒక కన్ను, విత్తనాల ధర వైపు ఒక కన్ను. అమెరికాలోనేమో ఊరంతా పంట ఇంటికి చేర్చుకొని, పని తీరిందని తలుపుకు గుమ్మడికాయ బొమ్మలు తగిలించుకుంటుంది. మనకు అప్పుడే పని మొదలు. విత్తనం పడకముందే కోతల పండగ చేసుకునే ఊరు బహుశా మనదొక్కటే.

ఇక చవక. ఇది వినసొంపైన మాట, అందుకే కాస్త లెక్క తీద్దాం. చట్రం కొనాలి. గ్లూ గన్ కొనాలి, దానికి జిగురు కడ్డీలు కొనాలి. గుడ్డాకుల ప్యాకెట్టు విడిగా రాదు, వంద ఆకుల కట్టే వస్తుంది. గుమ్మడికాయలు డజను లెక్కన. పైన్ చెట్టు మన శేషాచలం కొండల్లో లేదు కాబట్టి పైన్ కాయలు పార్సిల్లో రావాలి. బియ్యం మూటకూ వేరుశనగ మూటకూ చుట్టి మన మార్కెట్ యార్డులో కాళ్ళ కింద తొక్కే గోనెపట్టా ఉంది చూడండి, దాన్నే అంచులు కుట్టి, రిబ్బను చుట్టలాగా చుట్టి, మీటరు లెక్కన అమ్ముతున్నారు. కొంటున్నారు. ఇంటి వెనకాల నాలుగు ఖాళీ మూటలున్న ఇల్లాలు కూడా కొంటోంది, తన మూటకు వేరుశనగ వాసనొస్తుందని. ఇంతా అయ్యాక, టేకు తలుపుకు మేకు కొడితే ఊరుకోనని ఇంటాయన అడ్డం పడతాడు. అప్పుడు తలుపుపై నుంచి వేలాడే ఇత్తడి రంగు కొక్కెం కొనాలి. అది కూడా పార్సిలే. చివరికి వెయ్యి దాటుతుంది. అయినా చవకే, ఎందుకంటే ఇదే చేసింది కొంటే రెండు వేలట. అలా చూస్తే ప్రొద్దుటూరు బంగారం కూడా చవకే, వజ్రాలతో పోలిస్తే.

మిగిలిన ఎనభై ఆకులు? అవి పారేయలేక చెల్లెలికొకటి, ఆడబిడ్డకొకటి చేసిపెడతారు. ఈ జబ్బు అంటుకునే తీరు అదే.

చవక అంటే ఏమిటో ఈ విద్యకు మూలపురుషులైన వాళ్ళను అడిగితే తెలుస్తుంది. 1839లో హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిక్ విచెర్న్ అనే పాస్టరు, తన ఆశ్రమంలో ఉండే పేద పిల్లలు క్రిస్మస్ ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతుంటే, ఒక బండి చక్రం తీసుకొని దాని మీద కొవ్వొత్తులు నిలబెట్టాడు. రోజుకొకటి వెలిగించుకుంటూ లెక్కపెట్టుకోమన్నాడు. క్రిస్మస్ ముందు కొవ్వొత్తుల చక్రం పెట్టుకునే ఆచారం అక్కడి నుంచే పాకింది. ఇంకా వెనక్కి పోతే ప్రాచీన ఏథెన్సులో శరత్తులో అపోలో దేవుడి పండగొకటి ఉండేది. ఆలివ్ కొమ్మకు ఉన్ని చుట్టి, అత్తిపండ్లు, రొట్టెలు కట్టి, పిల్లలు పాటలు పాడుతూ ఇంటింటి తలుపుకూ కట్టేవాళ్ళు. మళ్ళీ ఏడాదికి కొత్తది కట్టేదాకా అది అక్కడే ఎండేది. ఆ ఎండిన కొమ్మ మీద అరిస్టోఫనీస్ నాటకంలో ఒక మొరటు హాస్యం కూడా ఉంది. చక్రమైనా కొమ్మైనా వాళ్ళ చేతికి అందినదే, వాళ్ళ చెట్టుదే. ఏథెన్సువాడు కడప జిల్లా నుంచి చీనీకాయలు తెప్పించి కట్టలేదు. ఆ సూత్రం పట్టుకుంటే ఎర్రగుంట్లలో ఊరికే దొరికేది నాపరాయి ముక్క. అది వేలాడదీస్తే తలుపు ఊడొస్తుందనుకోండి, అది వేరే సంగతి.

పోనీ, డబ్బు వాళ్ళది, మోజు వాళ్ళది. నా అసలు గొడవ తలుపుతో.

ఫ్రిస్కోలో మనవాళ్ళు వీధి తలుపు తీసేదెప్పుడో గమనించండి. కారు గ్యారేజీలోకి పోతుంది, మనుషులు గ్యారేజీలోంచే వంటింట్లోకి పోతారు. ముందు తలుపు నిత్యం మూసే ఉంటుంది. పార్సిల్ తెచ్చినవాడికీ, దారిన కుక్కను తిప్పేవాడికీ తప్ప దానితో ఎవరికీ పని లేదు. మూసిన తలుపు బోసిగా ఉంటుంది కాబట్టి దాని ముఖాన ఒక నగ పెడతారు. అక్కడ రీత్‌కు అర్థముంది. నేను దాన్ని వెక్కిరించడం లేదు.

మన తలుపు అట్లా కాదు. తెల్లవారి కల్లాపి చల్లేటప్పుడు తీస్తే రాత్రి అన్నాలు తిన్నాకే మూసేది. పాలాయన, పక్కింటి వదిన, చీటీ డబ్బులకొచ్చేవాడు, ఊరికే వచ్చి కూర్చునేవాడు, అందరూ అందులోంచే రావాలి. తీసిన తలుపు రెక్క లోపలికి తిరిగి గోడకు ఆనుకుంటుంది. రెక్కకు తగిలించిన రీత్ ఎక్కడికి పోతుంది? గోడకూ తలుపుకూ మధ్య నలిగి అప్పడమవుతుంది. పాత ఇళ్ళలోనైతే రెండు రెక్కల తలుపులు. నడిమధ్య తగిలిస్తే తలుపు తీయగానే సగం ఇటు, సగం అటు. తోరణం కట్టినవాడు ఇదంతా ఎప్పుడో ఆలోచించాడు. అందుకే తలుపు జోలికి పోకుండా, తలుపు తీసినా వేసినా కదలని ద్వారబంధం మీద కట్టాడు. తోరణం తెరిచిన ఇంటిది, రీత్ మూసిన ఇంటిది.

ఇప్పుడు ఎర్రగుంట్లలో ఒక వింత చూస్తున్నాం. రీత్ కనబడాలని తలుపు మూసుకొని కూర్చుంటున్నారు. కార్తీకంలోనూ చెమటలు పట్టే ఊళ్ళో, లోపల రెండు ఫ్యాన్లు వేసుకొని. పక్కనే కలమళ్ళలో 1,650 మెగావాట్ల థర్మల్ కేంద్రం బొగ్గు కాలుస్తున్నది ఎందుకనుకున్నారు మరి? మా ఎదురింటి జేజి ఒకరోజు అలా మూసిన ఒక తలుపు చూసి, ఆరోగ్యం బాగాలేదేమోనని తట్టి, తీశాక విషయం తెలుసుకొని, ఒకే మాట అడిగింది: "ఏమ్మే, ఊర్లో మామిడాకులు అయిపోయినాయా?"

గ్యాస్ సిలిండరు తెచ్చిన పిల్లవాడైతే ఇంకొంచెం ముందుకు పోయాడు. గుండ్రటి పూల చక్రం తలుపుకు చూసి సిలిండరు మెల్లగా కింద పెట్టి, గొంతు తగ్గించి, "అక్కా, పెద్దాయన ఎప్పుడు పొయినాడు? మొన్న గూడా బాగనే ఉన్న్యాడే!" అన్నాడు. పెద్దాయన లోపల పేపరు చదువుకుంటూ, "ఇంగా ఉండాను రా అబ్బీ, లోపలికి తీసుకరా" అని కేకేశాడు. పిల్లవాడి తప్పేమీ లేదు. మన కళ్ళకు గుండ్రటి పూలచక్రం కనబడేది విగ్రహాల దగ్గరా, శవపేటికల దగ్గరా. శరత్తులో మనకు అచ్చమైన రీత్ కూడా ఒకటుంది. 1959 అక్టోబరు 21న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో 10 మంది పోలీసు జవాన్లు చనిపోయారు. ఏటా ఆ రోజున దేశమంతటా పోలీసు మైదానాల్లో అమరుల స్తూపం ముందు పెట్టే పూలచక్రం అదే. దాని గౌరవం దానికుంది. దాన్ని తెచ్చి చెప్పుల స్టాండు పైన వేలాడదీయనవసరం లేదు.

ఇంకో సంగతి, మన ద్వారానికి ఖాళీ ఎక్కడుంది? పైన తోరణం. దాని పక్కన ఉట్టిలో బూడిద గుమ్మడికాయ, కాబట్టి గుమ్మడికాయ కొరత కూడా లేదు. తలకిందులుగా వేలాడే కలబంద. నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ. నల్లదారానికి పటిక ముక్క. గుర్రపు నాడా. ఆంజనేయుడి స్టిక్కరు. ఎవరి కన్నూ పడకూడదని ఇన్ని కట్టుకొని, అందరి కన్నూ పడాలని రీత్ కడుతున్నాం. పాపం, దిష్టికి ఎటు పోవాలో తెలియక గడప దగ్గరే తిరుగుతూ ఉండాలి. ఈ రీత్‌ను క్రైస్తవుల ఇళ్ళలో కూడా చూశాను. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి పెట్టి నూరేళ్ళు దాటింది. తెల్లదొరలు, దొరసానులు వచ్చి ఉండి పోయారు. అయినా మన వీధుల్లో క్రిస్మస్‌కు వెలిగేది కాగితపు నక్షత్రమే. అన్నేళ్ళు ఇక్కడే కాపురమున్న దొరసాని అంటించలేని మోజును ఒక్క ఫోను అంటించింది.

అయితే రీత్ ఒక్కదాన్నే తిట్టి ఊరుకుంటే అన్యాయమవుతుంది. ఇది తమ్ముడు. అన్న ఎప్పటి నుంచో మన గుమ్మానికి వేలాడుతున్నాడు. వాడి పేరు ప్లాస్టిక్ తోరణం. ప్రొద్దుటూరులో దసరా అంటే అమ్మవారిశాల చుట్టూ జనసముద్రం. అక్కడికి పోయినవాళ్ళు వచ్చేటప్పుడు బంతిపూలు తెచ్చుకోవడం మానేసి, మెరిసే మామిడాకులు, వాటి కింద గంటలు, మధ్యలో ముత్యాల వినాయకుడు ఉన్న తోరణం తెచ్చుకుంటున్నారు. ఒకసారి కొంటే పదేళ్ళు చూడక్కర్లేదంటారు. నిజమే, చూడక్కర్లేదు. ఎవరూ చూడరు కూడా. ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీలు, నాపబండల పాలిష్ యూనిట్లు, లారీలు ఉన్నాయి. దుమ్ము ఎవరిదని నేను పేరు పెట్టను, దుమ్ముకు కులగోత్రాలుండవు. మూడు నెలల్లో ఆ ఆకుపచ్చ బూడిదరంగుకు తిరుగుతుంది. అప్పుడది గుమ్మానికి కట్టిన సిమెంటు శాంపిలు. తుడుద్దామంటే గంటలు ఊడతాయి, తీసేద్దామంటే పదేళ్ళు కాలేదు.

పచ్చి మామిడాకు కట్టిన మరునాడే ముడుచుకోవడం మొదలుపెడుతుంది. నాలుగోరోజుకు గలగలమంటుంది. చూసినవాడికి వెంటనే తెలుస్తుంది: ఈ ఇంట్లో మొన్న పండగ జరిగింది, లేదా పెళ్ళి జరిగింది, లేదా ఆకులు తీయడానికి బద్ధకం జరిగింది. పదేళ్ళ తోరణం ఏం చెబుతుంది? ఈ ఇంట్లో ఇవాళ పండగ, నిన్న పండగ, తద్దినం నాడూ పండగే అంటుంది. ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడి మాట ఎవరు వింటారు?

వాడిపోని తోరణం మన కడప జిల్లాలో ఒక్కటుంది, దాని కథ తెలిసినవాళ్ళు ప్లాస్టిక్‌ది కొనడానికి కాస్త జంకాలి. వేంపల్లె దగ్గర పాపాఘ్ని నది కొండల్ని చీల్చుకొని వచ్చే చోట గండి వీరాంజనేయస్వామి క్షేత్రం ఉంది. లంక నుంచి తిరిగొస్తున్న రాముడికి స్వాగతంగా వాయుదేవుడు ఈ కొండ నుంచి ఆ కొండకు బంగారు తోరణం కట్టాడని స్థలపురాణం. అది ఇప్పటికీ అక్కడే ఉందట. కానీ అందరికీ కనబడదు. ఆయుష్షు దగ్గరపడిన పుణ్యాత్ములకే కనబడుతుంది. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827లో దత్తమండలాల పర్యటనలో ఆ దారిన పోతూ తలెత్తి చూసి, కొండల మధ్య ఆ బంగారు తోరణం ఎవరు కట్టారని అడిగాడనీ, వెంట ఉన్నవాళ్ళలో ఎవరికీ ఏమీ కనబడలేదనీ, ముసలి నౌకరొకడు గుడ్లనీరు కుక్కుకున్నాడనీ మన పక్క చెప్పుకుంటారు. ఆ ఏడాది జూలై 6న మన్రో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. కలరా చరిత్ర, తోరణం జనం మాట. ఆ జనం తెలివి మాత్రం గమనించండి. ఎన్నటికీ వాడని తోరణాన్ని వాళ్ళు మనుషుల గుమ్మాలకు కట్టలేదు. కొండకు కట్టారు, అదీ పోయేవాళ్ళకు మాత్రమే కనబడేటట్టు కట్టారు. బతికున్నవాళ్ళకు వాడిపోయేదే ఇచ్చారు.

నా మాట విని మామిడాకుల భక్తులు అప్పుడే జబ్బలు చరుచుకోవద్దు. వాళ్ళ ఫోన్లలో ఇంకో శాస్త్రం తిరుగుతోంది. గుమ్మానికి కట్టిన మామిడాకు ఇంటిల్లిపాదికీ ప్రాణవాయువు సరఫరా చేస్తుందట. తుంచిన ఆకు తన ప్రాణం నిలుపుకోలేక చస్తుంటే, దాన్ని పట్టుకొని ఆరుగురికి ఊపిరి పోయమనడం న్యాయమేనా? ఇంకొందరు మామిడి దొరకలేదని నరమామిడి ఆకులు కట్టి, దేవుడికి తేడా తెలియదులే అంటారు. తెలియకపోవచ్చు. మేకకు మాత్రం తెలుస్తుంది. మామిడాకు అందంగా ఉంటుంది, చేతికందుతుంది, వాడుతుంది, ఎరువవుతుంది. ఈ నాలుగూ చాలవని దానికి సైన్సు డిగ్రీ ఎందుకు?

చట్టం మాట కూడా ఒకటుంది. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అలంకరణకు వాడే థర్మాకోల్ కూడా చేరింది. రీత్‌కు చట్రంగా థర్మాకోల్ రింగు వాడమని సలహా ఇస్తున్న చెల్లెళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. తలుపు బయట తగిలించుకునే నేరం ఇదొక్కటే అనుకుంటాను. మిగతా నేరాలన్నీ మనవాళ్ళు లోపలే చేస్తారు.

చవకగా గుమ్మం అలంకరించుకోవాలని నిజంగా ఉన్నవాళ్ళకు పద్ధతి చెబుతాను. పురికొస ఒక మూర ఎక్కువగానే తీసుకోండి. మామిడాకు తొడిమ దగ్గర వెనక్కి మడిచి, పురికొస మీదుగా వేసి, చీపురుపుల్ల ముక్కతో గుచ్చండి. ఆకుకూ ఆకుకూ మధ్య బంతిపువ్వు ఉంటే ఉంది, లేకపోతే లేదు. శరత్తు కనబడాల్సిందేనని పట్టుబడితే చేనిగట్టు నుంచి నాలుగు జొన్న కంకులు తెచ్చి రెండు చివర్లా కట్టండి, పిచ్చుకలు వచ్చి వాటి సంగతి చూసుకుంటాయి. ఎండాక దించి చెట్టు మొదట్లో వేయండి. ఇప్పటికే రీత్ చేసేసినవాళ్ళు దాన్ని వీధి చివర కాల్చకండి, ఆ పొగ పీల్చేది మనమే. పొడిచెత్త బండికి ఇచ్చేయండి. ఆకులు బజారులో కట్ట ఇరవయ్యో ముప్పయ్యో చెబుతారు. అదీ దండగనుకుంటే మీ వీధిలో ఎవరో ఒకరి పెరట్లో మామిడిచెట్టు ఉండే ఉంటుంది. అడిగి కోసుకోండి. అడక్కుండా కోస్తే ఆ ఇంటామె తిడుతుంది. ఆ తిట్లకు కూడా పైసా ఖర్చు లేదు.